కోడికూతకు మూలప్రతి

ఆ ఆఫీసులో ఆయన్ని అందరూ పుట్టుకలాయన అనేవారు. తలుపు మీద 'పుట్టుకల విభాగం' అని బోర్డు ఉండేది కాబట్టి నెలకు ఇద్దరు ముగ్గురైనా చంటిపిల్లల్ని ఎత్తుకుని జనన ధ్రువపత్రం కోసం లోపలికి వచ్చేవారు. ఆయన వాళ్లను కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, "ఇక్కడ మాటల పుట్టుకలే రాస్తామమ్మా, మనుషులవి పక్క వీధిలో" అని దారి చెప్పి పంపేవాడు. ఇంగ్లీషు మాటలకు మన భాషలో అర్థాలు చెప్పే పెద్ద నిఘంటువు అక్కడ తయారవుతోంది. ఇరవై ఆరేళ్లుగా తయారవుతూనే ఉంది. మొదటి అక్షరానికి పదకొండేళ్లు పట్టింది, రెండో అక్షరానికి ఎనిమిది. మూడో అక్షరం మాత్రం ఎలాగో ఈడ్చుకుంటూ ప్రెస్సు గుమ్మం దాకా వచ్చింది. ఈ లెక్కన చివరి అక్షరం అచ్చయ్యేనాటికి ఇంగ్లీషు మాట్లాడేవాళ్లెవరూ మిగలరని బయటివాళ్లు నవ్వుకునేవారు. లోపలివాళ్లకు నవ్వుకునే తీరిక లేదు.

తీరిక లేకపోవడానికి కారణం ఒక నియమం. తొలిరోజుల్లో ఒక గుమాస్తా తన మామగారి మీద కోపంతో ఆయన ఇంటిపేరుకు 'పిసినారి' అనే అర్థం రాసి, ఏదో లాటిన్ పుట్టుక తగిలించి, ప్రూఫుల్లోకి జొప్పించాడు. మామగారు చదువుకున్నవాడు కావడంతో గుట్టు రట్టయింది. దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్టు అప్పుడు నియమం పుట్టింది. ఏ మాటకైనా పుట్టుక రాస్తే చాలదు, దానికి ఆధారం తెచ్చి, ఆ మాట రాసిన చీటీకి జతచేయాలి. పుస్తకంలోంచి వచ్చిన మాటైతే పుస్తకం, ఉత్తరంలోంచి వచ్చిన మాటైతే ఉత్తరం. ఆధారం లేని మాటను కొట్టేస్తారు. ఒక్క మాట కొట్టేసినా ఆ గుమాస్తా పేరు సంపుటం మొదటి పేజీలో 'పనిచేసినవారు' కింద వేయరు. పుట్టుకలాయన పేరు మొదటి సంపుటంలో ఒక్క మాట దగ్గర పోయింది. రెండో సంపుటంలోనూ ఒక్క మాట దగ్గరే పోయింది. ఇంక రెండు నెలల్లో రిటైరవుతాడు. నాలుగో అక్షరం దాకా ఉండే యోగం లేదు కాబట్టి ఈ మూడోదే ఆఖరి అవకాశం.

పేరు పడకపోతే కొంప మునుగుతుందా అని ఎవరైనా అడగొచ్చు. ఆయనకు ఒక అక్క ఉంది. తల్లి లేని పిల్లవాణ్ణి పెంచింది ఆవిడే, పేరు పెట్టింది ఆవిడే, వంటగది గోడ మీద బొగ్గుతో ఆ పేరు రాసి వేలు పట్టుకుని దిద్దించింది ఆవిడే. ఇప్పుడు ఆవిడకు డెబ్బై దాటాయి, చెవులు పోయాయి. ఒక్కసారిగా పోలేదు. మొదట తలుపు చప్పుడు పోయింది, తర్వాత కుక్కరు విజిల్ పోయింది, ఎనిమిదేళ్ల కిందట తమ్ముడి గొంతు పోయింది. చిట్టచివరికి ఆవిడకు మిగిలింది ఒకే ఒక్క చప్పుడు. తెల్లవారుజామున పెరట్లో కోడిపుంజు కూత. ఉరుము వినపడని మనిషికి కోడికూత ఎలా వినపడుతుందో చెవుల డాక్టరుకే అంతుపట్టలేదు. తమ్ముడు చెప్పదలచుకున్నది ఆఫీసులో పారేసిన చీటీల వెనక రాసి చూపించేవాడు, ఆవిడ నోటితో జవాబు చెప్పేది, అదీ వీధి చివరికి వినపడేలా.

"నీ గొంతెలాగూ పోయిందిరా నాకు," అంది ఒకరోజు చీటీ చదివి. "నీ పేరైనా అచ్చులో చూపించు. నేను గోడ మీద రాసిన పేరు పుస్తకంలో పడితే చూసి పోతాను."

ఆయన ఆ మాట పట్టుకుని ఏడేళ్లు పనిచేశాడు. మూడో సంపుటంలో తన వాటాకు వచ్చిన మాటలు రెండు వేల పైచిలుకు. అన్నీ గట్టెక్కాయి, ఒక్కటి తప్ప. ఆ ఒక్కటి ఇంగ్లీషువాళ్ల కోడికూత. కాక్-ఎ-డూడిల్-డూ.

చీటీలో ఆయన రాసింది ఇంతే. అర్థం ఒకటి, కోడిపుంజు కూత. అర్థం రెండు, పసిపిల్లల మాటల్లో కోడిపుంజే. పుట్టుక, ధ్వన్యనుకరణ, అంటే కోడి అరిచినదాన్ని మనుషులు తమ నోటితో అనబోయి తయారుచేసుకున్న మాట. అచ్చులోకి వచ్చి నాలుగు వందల ఏళ్లు దాటింది. ఇందులో తప్పు పట్టడానికి ఏముందని మీరనుకోవచ్చు. పెద్ద సంపాదకుడు పట్టాడు. చీటీ చదివి కళ్లజోడు నుదుటి మీదికి తోసుకున్నాడు.

"ధ్వన్యనుకరణ అన్నారు. ఎవరి ధ్వని?"

"కోడిపుంజుదండి."

"ఏ కోడిపుంజు?"

"ఫలానా అని కాదండి. కోడిపుంజు అన్నది."

"ఫలానా అని లేకుండా ఎవరో అన్నారని రాస్తే పుకారవుతుంది, పుట్టుకెలా అవుతుందయ్యా? పైగా ఇంకో చిక్కుంది. ఇరవై ఏళ్ల కిందట మనం వేసిన పిల్లల నిఘంటువులో కోడి కొక్కొరొకో అంటుందని వేశాం. దాని కింద నా సంతకం ఉంది. ఇప్పుడు ఇదే ఆఫీసు, కోడి ఇంకోటేదో అంటుందని వేస్తే, అబద్ధమాడింది కోడా, నేనా?"

"కోడి ఎప్పుడూ ఒకటే అంటుందండి. వినే చెవులు వేరు. ఒక దేశంలో కొకొరికో అంటారు, ఇంకో దేశంలో కికెరికీ అంటారు. ఎవరి నోరు వాళ్లది."

పెద్ద సంపాదకుడు చెడ్డవాడు కాదు. ముప్పై ఏళ్లుగా ఫైళ్ల మధ్య ఉండి ఉండి, ఫైల్లో లేనిది లోకంలో ఉందంటే నమ్మలేకపోయేవాడు, అంతే. కాసేపు గోడకేసి చూసి చెప్పాడు. "అయితే కోడిని హాజరుపరచండి. అయిదుగురం కూర్చుని వింటాం. శుక్రవారం ప్రెస్సుకు పోవాలి. బుధవారం తీసుకురండి."

పుట్టుకలాయన ఇంటికి వచ్చి చీటీ మీద రాశాడు. 'అక్కా, నీ కోడిని ఒక్కరోజు ఆఫీసుకు ఇస్తావా? దాని మీద నా పేరు ఆధారపడి ఉంది.' అక్క చీటీని రెండుసార్లు చదివింది. తమ్ముడికి మతి చలించిందేమోనని నుదుటి మీద చెయ్యి వేసి చూసింది. జ్వరం లేదు.

"తీసుకుపో. సాయంత్రానికి తెచ్చెయ్యి," అంది.

బుధవారం పొద్దున గుడ్డసంచిలోంచి తల బయటపెట్టి కోడిపుంజు సిటీబస్సులో ఆఫీసుకు వచ్చింది. సమావేశాల గదిలో పొడుగాటి బల్ల మీద దాన్ని నిలబెట్టారు. ఎదురుగా అయిదుగురు కాగితాలూ కలాలూ పట్టుకుని కూర్చున్నారు. పెద్ద సంపాదకుడు, ప్రూఫు రీడరు, టైపిస్టు, బొమ్మలు గీసే ఆర్టిస్టు, గుమాస్తాల తరఫున ఒక వ్యాకరణం గుమాస్తా. కోడి వాళ్లను ఒక కంటితో చూసింది, తర్వాత రెండో కంటితో చూసింది. కూయలేదు. పది గంటలు దాటింది, పదకొండు దాటింది. ఇంట్లో పులి, వీధిలో పిల్లి అంటారు గానీ, అక్క పెరట్లో ఊరంతా హడలేలా కూసే ఆ పుంజు ఆఫీసులో అడుగుపెట్టగానే అచ్చం కొత్త గుమాస్తాలాగా చేతులు కట్టుకున్నంత పని చేసింది.

"దానికి కొంచెం ఊతమివ్వాలేమో," అన్నాడు ప్రూఫు రీడరు. లేచి నిలబడి, గొంతు సవరించుకుని తానే కూశాడు. కోడి కదలలేదు. ఆర్టిస్టు, అది కూత కాదని, దగ్గని, తాను కూశాడు. తర్వాత టైపిస్టు కూసింది, వాళ్లందరికంటే బాగా కూసింది. వ్యాకరణం గుమాస్తా మూడో అక్షరాన్ని దీర్ఘంగా తీసి కూసి, ఎందుకు తీయాలో వివరించాడు. చివరికి పెద్ద సంపాదకుడు చుట్టూ చూసి, తలుపు వేయించి, కుర్చీలో కూర్చునే, ఎంతో మర్యాదగా కూశాడు. బయట వరండాలో జనన ధ్రువపత్రం కోసం వచ్చిన ఒక తండ్రి ఇది విని, బిడ్డను భుజాన వేసుకుని వెనక్కి చూడకుండా వెళ్లిపోయాడు.

భోజనాల వేళకు అందరూ విసిగి టిఫిన్ డబ్బాలు తెరిచారు. ఎవరి మూతో కింద పడి ఖంగుమంది. అప్పుడు కూసింది కోడి. మెడ చాచి, కళ్లు మూసి, కిటికీ అద్దాలు అదిరేలా కూసింది. అయిదుగురూ ముద్ద చేత్తో పట్టుకునే, విన్నది విన్నట్టు కాగితం మీద రాశారు. పెద్ద సంపాదకుడు చదివి వినిపించాడు. ఆయన కొక్కొరొకో అని రాశాడు. ఇంగ్లీషు బడిలో చదివిన టైపిస్టు కాక్-ఎ-డూడిల్-డూ అని రాసింది. ప్రూఫు రీడరు అన్ని హల్లులూ ఒకదాని కింద ఒకటి వేసి, పలకడం తన పని కాదన్నాడు. ఆర్టిస్టు కోడి బొమ్మ గీశాడు. వ్యాకరణం గుమాస్తా 'నమలుచుంటిని, వినలేదు' అని రాసి సంతకం పెట్టాడు.

పెద్ద సంపాదకుడు చాలాసేపు ఆలోచించి తీర్పు చెప్పాడు. "కొక్కొరొకో అన్నది నేను విన్నాను. రెండోది ఈవిడ విన్నది. ఇద్దరం అబద్ధమాడేవాళ్లం కాదు. కాబట్టి ఇది రెండు భాషలూ వచ్చిన కోడి. మాట ఖాయం. పేరు వేస్తాం."

పుట్టుకలాయనకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇరవై ఆరేళ్లలో మొదటిసారి ఆఫీసులో అందరికీ చేతులు జోడించి దండం పెట్టాడు, కోడికి కూడా పెట్టాడు. నియమం ప్రకారం ఫారంలో 'మూలకర్త సంతకం' అన్నచోట కోడి కాలిని స్టాంపు ప్యాడ్ మీద అద్ది ముద్ర వేయించారు. ఆ తర్వాత ఆయన సంచి విప్పి కోడిని అందులో పెట్టుకోబోతుంటే వెనకనుంచి ఒక చెయ్యి వచ్చి కోడిని అందుకుంది. ఆ చెయ్యి దస్త్రాలమ్మది. దస్త్రాల గది తాళాలు ఆవిడ నడుముకు ఉంటాయి, ఆవిడ మెత్తగా మాట్లాడుతుంది, మాట మాత్రం జారదు.

"ఎక్కడికి అన్నయ్యగారూ? ఇది ఆధారం కదా. చీటీకి జతచేయాలి."

"కోడమ్మా ఇది. మా అక్కది."

"ఆధారంగా పెట్టిన మూలప్రతి తిరిగి ఇవ్వబడదు. మీకు తెలియనిదేముంది?"

ఆయనకు తెలుసు. ఇరవై ఆరేళ్లుగా ఎందరి పుస్తకాలో, ఎందరి తాతల ఉత్తరాలో ఆయన చేతుల మీదుగానే ఆ గదిలోకి వెళ్లాయి. ఒక్కటీ బయటికి రాలేదు. ఏడుస్తూ వచ్చి అడిగినవాళ్లకు ఈ వాక్యాన్నే ఆయన చదివి వినిపించేవాడు. ఇప్పుడు ఆ వాక్యం తనకే వినిపిస్తుంటే, అది ఎంత దుర్మార్గపు వాక్యమో మొదటిసారి తెలిసింది. దస్త్రాలమ్మ కోడి కాలికి నంబరు కట్టి, మూడో అక్షరం అలమరల మధ్య వదిలి, గింజలూ నీళ్లూ పెట్టి, తాళం వేసింది.

సాయంత్రం అక్క ఖాళీ సంచి చూసింది. ఆయన చీటీ మీద 'రేపు తెస్తాను' అని రాశాడు. గురువారం తెల్లవారింది, ఎండ కిటికీలోంచి మంచం దాకా వచ్చింది, అక్క లేవలేదు. ఆయన భయపడి దగ్గరికి వెళ్లి భుజం తట్టాడు. ఆవిడ ఉలిక్కిపడి కేకపెట్టి, చేతులు అడ్డం పెట్టుకుని గోడ వైపుకు జరిగిపోయింది. ఎదురుగా ఉన్నది తమ్ముడని పోల్చుకోవడానికి కొంతసేపు పట్టింది. 

"తట్టకురా," అంది. "తడితే భయమేస్తుంది. ఇన్నాళ్లూ నన్ను పిలిచి లేపేవాళ్లు ఒకళ్లున్నారు. ఇవాళ నాకు తెల్లారనే లేదు."

మామూలుగా గట్టిగా మాట్లాడే మనిషి ఆ మాట చాలా చిన్నగా అంది.

ఆయన అన్నం తినకుండా ఆఫీసుకు వెళ్లి పెద్ద సంపాదకుడి బల్ల ముందు నిలబడ్డాడు. జరిగిందంతా చెప్పాడు. పెద్ద సంపాదకుడు నవ్వాడు. "బాగుందయ్యా. ముసలమ్మ తన కోడీ కుంపటీ లేకపోతే ఊరికి తెల్లవారదనుకుందట. మీ అక్కగారూ అదే కథా?"

"ఊరికి తెల్లారుతుందండి," అన్నాడు పుట్టుకలాయన. "ఆవిడకే తెల్లారదు."

పెద్ద సంపాదకుడి నవ్వు ఆగిపోయింది. కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. కానీ నియమం నియమమే. అందులో సందు ఏమైనా ఉందేమో చూద్దామని ఇద్దరూ దస్త్రాల గదికి వెళ్లారు. కోడి ఒక అలమర మీద ఎక్కి కూర్చుంది. అంటించిన కవర్ల అంచుల్లో పిండిజిగురంతా రాత్రి పొడుచుకు తినేసినట్టుంది, మూడో అక్షరంలో సగం ఆధారాలు కవర్లలోంచి తలలు బయటపెట్టి చూస్తున్నాయి. దస్త్రాలమ్మ వాళ్లు చెప్పింది విని, నియమాల పుస్తకం తీసి, వేలితో ఒక వాక్యం చూపించింది.

"మూలప్రతి ఇవ్వను. నకలైతే ఇస్తాను. నకలు ఆధారం కాదు కాబట్టి దాన్ని ఉంచుకునే హక్కు నాకు లేదు."

పుట్టుకలాయన కోడికేసి చూశాడు. ఇరవై ఆరేళ్లు పుట్టుకలు రాసిన బుర్ర అది, ఊరికే పోతుందా. "ఈ కోడి ఈ కూతను తానుగా కనిపెట్టలేదండి," అన్నాడు నెమ్మదిగా. "దీని తండ్రి కూసింది, దాన్నిబట్టి ఇది కూస్తోంది. అది దాని తండ్రినిబట్టి కూసింది. ఇది నకలుకు నకలండి."

"మరి మూలప్రతి ఏదీ?" అన్నాడు పెద్ద సంపాదకుడు.

"నాలుగు వందల ఏళ్ల పైమాట కదండీ. ఎవరో వండుకు తినేసుంటారు."

 పెద్ద సంపాదకుడు ఆయన భుజం మీద చెయ్యి వేశాడు. "ఒకసారి ఆలోచించుకోండి. నకలని మీరు రాసిస్తే మాటకు ఆధారం పోతుంది. చీటీ కొట్టేయాలి. చీటీ కొట్టేస్తే మీ పేరు నేనే తీసేయాలి. ఇరవై ఆరేళ్లయ్యా. ఒక కోడి కోసమా?"

 ఆ పేరు పుట్టుకలాయనకు కావాలి. చాలా కావాలి. బస్సులో వస్తూ వస్తూ ఎన్నోసార్లు ఆ పేజీని ఊహించుకున్నాడు, అక్క వేలు ఆ పేజీ మీద కదలడం ఊహించుకున్నాడు. కానీ పొద్దున గోడకు ఒరిగిపోయి చేతులు అడ్డం పెట్టుకున్న మనిషి కళ్లముందు నుంచి కదలడం లేదు. పేరు చూసి ఒకరోజు సంతోషిస్తుంది, తర్వాత రోజూ ఎవరూ పిలవని పొద్దులోకి లేస్తుంది.

"ఒక కోడి కోసం కాదండి," అన్నాడు. "కాగితం ఇవ్వండి. రాస్తాను."

"కాగితం చాలదు," అంది దస్త్రాలమ్మ. "నకలు మీదే ధ్రువీకరణ ఉండాలి. అదీ చేతిరాత చెల్లదు, అచ్చు కావాలి." ఆవిడ సొరుగులోంచి రబ్బరు అక్షరాల పెట్టె తీసింది. నకళ్లు ధ్రువీకరించేవాళ్ల పేర్లు అందులో కూర్చి ముద్ర వేస్తారు. పుట్టుకలాయన ఎప్పుడూ మూలప్రతుల మనిషే కాబట్టి ఆయన పేరు ఆ పెట్టెలో ఎన్నడూ కూర్చలేదు. ఆవిడ చిన్న పట్టకారుతో ఒక్కొక్క అక్షరం తీసి, తిరగేసి, వరుసలో పెట్టింది. ఒక ఒత్తు దొరకకపోతే పెట్టె అంతా బోర్లించి వెతికింది. తొందరపడలేదు. తర్వాత అట్టముక్క మీద ముద్ర గుద్ది, ఊది ఆరబెట్టి, పాత నంబరు తీసేసి కోడి కాలికి దారంతో కట్టింది.

శుక్రవారం మూడో సంపుటం ప్రెస్సుకు వెళ్లింది. అందులో ఇంగ్లీషు కోడి కూయదు. 'పనిచేసినవారు' కింద పద్నాలుగు పేర్లున్నాయి, ఆయనది లేదు. కానీ అది తర్వాతి సంగతి. గురువారం సాయంత్రం ఎండ ఇంకా ఉండగానే ఆయన ఇంటికి వచ్చి పెరట్లో సంచి విప్పాడు. అక్క గిన్నె పక్కన పెట్టి, కోడిని ఒళ్లోకి తీసుకుని, రెక్కల కింద తడిమి చూసింది. ఊదారంగు పట్టిన కాలు చూసి తమ్ముడికేసి కోపంగా చూసింది. తర్వాత అట్టముక్క కనిపించింది. కళ్లజోడు పెట్టుకుని, దాన్ని వెలుతురుకు తిప్పుకుని చదివింది.

"ఇది నకలు," అంది పైకి. "ధ్రువీకరించినవారు."

అక్కడ ఆగింది. తర్వాతి మాట చదవడానికి ఆవిడకు చాలాసేపు పట్టింది. ఒక్కొక్క అక్షరం కింద వేలు పెట్టింది, మళ్లీ మొదటికి వచ్చింది, మళ్లీ చివరిదాకా వెళ్లింది. కోడి ఓపిగ్గా కాలు చాచి ఉంచింది.

"అచ్చులోనే పడిందిరా," అంది. గొంతు ఎప్పటిలాగే వీధి చివరికి వినపడింది. "ఒత్తులు కూడా సరిగ్గా వేశారు."

ఆయన జేబులోంచి చీటీ తీశాడు. ఇది ఆ పుస్తకం కాదక్కా, పుస్తకంలో నా పేరు తీసేశారు అని రాయాలనుకున్నాడు. కలం మూత తీశాడు. ఆవిడ అప్పటికే మూడోసారి చదువుతోంది.

"ఎన్ని కాపీలు వేశారు?" అంది తల ఎత్తకుండా.

'ఒకటే' అని రాసి చూపించాడు.

అక్క చదివి తల ఊపింది. "చాల్లే. రెండోది ఎవరు చదువుతారు?" అంటూ కోడి కాలికున్న దారం ఊడకుండా ఇంకో ముడి వేసింది.